గెలిచీ ఆడని ఊరు

(శాఖా గ్రంథాలయం నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత డ్రిల్లు మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కాస్త కిందికి దించు. ముప్ఫై నాలుగేళ్ళు గ్రౌండులో అరిచిన గొంతు ఇది, మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినబడుతుంది. (నవ్వులు)

కరపత్రంలో "జార్జియా ఫుట్‌బాల్ కథ" అని వేశారు. నిన్న కూరగాయల బజార్లో ఒకాయన ఆపి, "మాస్టారూ, మా పెద్దాడు అట్లాంటాలోనే ఉంటాడు, ఫోన్లో వినిపిస్తే వాడూ వింటాడు కదా" అన్నారు. ఆయన వచ్చారో లేదో గానీ, ఆ జార్జియా కాదండీ. ఇది నల్ల సముద్రం ఒడ్డున, కాకసస్ కొండల కింద, పైన రష్యా కింద టర్కీ పెట్టుకుని బతుకుతున్న జార్జియా. ఇప్పుడు మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్తున్నారే, అదన్నమాట. మా మనవరాలు కూడా అక్కడే, బటూమిలో నాలుగో సంవత్సరం చదువుతోంది. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతుంది. నేను ఫుట్‌బాల్ గురించి అడుగుతాను. దానికి ఇద్దరితోనూ విసుగే.

కుర్రాళ్ళకి ఆ దేశం పేరు 2024 యూరో కప్పులో తెలిసుంటుంది. జూన్ 26 మ్యాచ్, మనకి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి వచ్చింది. రొనాల్డో ఉన్న పోర్చుగల్ మీద 2-0. రెండో నిమిషంలోనే క్వారత్‌స్ఖేలియా గోల్ కొట్టేశాడు. మొత్తం దేశం జనాభా నలభై లక్షలు కూడా లేదు, అదే వాళ్ళకి మొదటి పెద్ద టోర్నమెంటు. పెద్దవాళ్ళకి ఇంకా వెనక్కి గుర్తుండొచ్చు. 1981 మే 13న డ్యుసెల్డార్ఫ్‌లో దినామో టిబిలిసి, యూరప్ కప్ విన్నర్స్ కప్పు గెలిచింది. రాజధాని క్లబ్బు అది. దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను దాని గురించి చెప్పడానికి రాలేదు.

నేను చెప్పబోయే ఊరి పేరు లాంచ్‌ఖుతి. క్లబ్బు పేరు గురియా. గురియా అంటే ఆ ప్రాంతం పేరు. మన దగ్గర కోనసీమ అన్నట్టు, పడమటి జార్జియాలో అదొక సీమ.

టిబిలిసి నుంచి బటూమికి డబుల్ డెక్కర్ రైలు నడుస్తుంది. దాదాపు ఐదు గంటల ప్రయాణం. సామ్‌త్రేదియా జంక్షన్ దాటాక సముద్రం వైపు తిరుగుతుంది కదా, ఆ దారిలో తగులుతుంది లాంచ్‌ఖుతి. మా మనవరాలికి చెప్పాను, అమ్మా, ఆ ఊరు వచ్చినప్పుడు కిటికీలోంచి చూసి ఎలా ఉందో చెప్పు అని. ఫోన్ చేసింది. "తాతయ్యా, ఇక్కడేం లేదు. చెట్లు, రెండు వీధులు, ఒక ఆవు." అంతే. ఊరు వెళ్ళిపోయింది. (నవ్వులు)

ఆ ఆవున్న ఊళ్ళో ఇరవై రెండు వేలమంది పట్టే స్టేడియం కట్టారండీ.

2014 జనాభా లెక్కల ప్రకారం ఊళ్ళో ఉన్నది ఆరు వేల పైచిలుకు. 1980లలో ఇంకొంచెం ఎక్కువ ఉండేవాళ్ళేమో, అంతే. పసిపిల్లల్ని ఉయ్యాలతో సహా తెచ్చి కూర్చోబెట్టినా సగం బల్లలు ఖాళీగానే ఉంటాయి. మరి ఎవరికోసం కట్టారు? చుట్టూ ఉన్న పల్లెల కోసం. మ్యాచ్ అంటే గురియా అంతా దిగేది. మన దగ్గర తీర్థానికి వచ్చినట్టే.

అసలు గురియా వాళ్ళంటే ఎవరో రెండు ముక్కలు చెప్పాలి. మాట వేగం, కోపం వేగం, హాస్యం వేగం అని తక్కిన జార్జియన్లు వాళ్ళని ఆటపట్టిస్తారు. వాళ్ళ పాటలో క్రిమాంచులి అని ఒక గొంతు ఉంటుంది. మిగతావాళ్ళు కింద పాడుతుంటే ఒకడు పైన కోడి కూసినట్టు గిరికీలు కొడుతుంటాడు. వినండి ఎప్పుడైనా. రాజకీయంలోనూ అంతే. 1902 నుంచి 1906 దాకా అక్కడి రైతులు రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వాన్ని పక్కన పెట్టి పల్లెల్ని తామే నడుపుకున్నారు. గురియా రిపబ్లిక్ అని పేరే పడిపోయింది. 1918లో జార్జియా స్వతంత్ర దేశమయ్యాక ప్రభుత్వాన్ని నడిపిన నోయె జోర్దానియా పుట్టింది లాంచ్‌ఖుతిలోనే. మూడేళ్ళకే సోవియట్ ఎర్రసైన్యం వచ్చి పడింది, జార్జియా సోవియట్ దేశంలో కలిసిపోయింది, ఆయన ఫ్రాన్సుకి వెళ్ళిపోయి అక్కడే పోయాడు. ఆ ఊరి పక్కనే మామతి అని పల్లె. అక్కడ 1928లో ఇంకొకాయన పుట్టాడు. ఎడ్వర్డ్ షెవర్ద్‌నాద్జె. ఈ పేరు మీలో యాభై దాటినవాళ్ళందరికీ తెలుసు. సోవియట్ అధినేత గోర్బచేవ్ పక్కన తెల్లజుట్టుతో నిలబడేవాడు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు ఆ పేరు దగ్గరకి రాగానే ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని అప్పుడు చదివేవాళ్ళు. (నవ్వులు)

ఊరి చుట్టూ తేయాకు. సోవియట్ దేశంలో పండే టీలో అత్యధిక భాగం జార్జియాదే. "36వ నంబరు" అని అక్కడ ఒక టీ పొట్లం ఉండేది. జార్జియా ఆకులో మన ఇండియా ఆకు కలిపి అమ్మేవాళ్ళు. అంటే మన అస్సాం ఆకు, గురియా ఆకు ఒకే కెటిల్లో మరిగేవి. ఈ సంగతి నాకు భలే నచ్చింది, అందుకని చెప్పాను, ఫుట్‌బాల్‌తో సంబంధం లేదు.

ఉంది కూడా, కొంచెం. సోవియట్ దేశంలో ఆటగాడికి కాగితం మీద ఆట ఉద్యోగం కాదు. ఎక్కడో ఫ్యాక్టరీలోనో, మిలిటరీలోనో, పోలీసుశాఖలోనో పేరుండేది. జీతం అక్కడ, చెమట ఇక్కడ. ఏ క్లబ్బు వెనక ఏ శాఖ ఉందో జనానికి నోటికి వచ్చు. లోకోమోటివ్ అంటే రైల్వే, దినామో అంటే పోలీసు వ్యవహారం, సీఎస్‌కేఏ అంటే సైన్యం. చిన్న ఊరి జట్టుకి ఏముంటుంది? స్థానిక పరిశ్రమ, స్థానిక పార్టీ ఆఫీసు, ఊరి పట్టుదల.

ఇప్పుడు లీగుల లెక్క ఒకటి చెప్పాలి, లేకపోతే ముందుకెళ్ళి తికమక పడతారు. సోవియట్ ఫుట్‌బాల్లో అన్నిటికన్నా పైది "టాప్ లీగ్". దాని కిందది "ఫస్ట్ లీగ్". అంటే ఫస్ట్ అనేది రెండోదన్నమాట. మన దగ్గర సెకండ్ క్లాసులో పాసయినవాణ్ణి ఫస్టుగా పాసయ్యాడు అని చెప్పుకున్నట్టుంటుంది. (నవ్వులు)

1986లో ఆ ఫస్ట్ లీగ్ నుంచి రెండు జట్లు పైకి ఎక్కాయి. ఒకటి మాస్కో సీఎస్‌కేఏ. సోవియట్ సైన్యం క్లబ్బు. దేశంలో ఏ ఊళ్ళో మంచి కుర్రాడు బంతి తంతున్నా, వాడికి పద్దెనిమిదేళ్ళు నిండగానే నిర్బంధ సైనిక సేవ కింద పిలిచి తమ జట్టులో వేసుకునే వెసులుబాటు ఉన్న క్లబ్బు. రెండోది లాంచ్‌ఖుతి గురియా.

1987 సీజనులో ఆ ఊరి జట్టు ఎవరెవరితో ఆడిందో వినండి. మాస్కో స్పార్టక్. లెనిన్‌గ్రాడ్ జెనిట్. అల్మాటీ నుంచి కైరాత్. విల్నియస్ నుంచి జల్గిరిస్. ఇక కీవ్ దినామో, ముందటేడాదే యూరప్ కప్ విన్నర్స్ కప్పు గెలిచిన జట్టు. అందులో బెలనోవ్ ఉన్నాడు, 1986లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బంగారు బంతి అందుకున్నవాడు. అలాంటి జట్టు ఉన్న పట్టికలో ఆవున్న ఊరి పేరు. ప్రతి వారం దేశమంతా పేపర్లో ఆ పట్టిక చూస్తుంది. లాంచ్‌ఖుతి ఎక్కడుందో తెలియని మనిషి కూడా ఆ పేరు చదవాల్సిందే.

(సభలోంచి: షెవర్ద్‌నాద్జె చెయ్యి లేకుండానే అంత దూరం వెళ్ళారంటారా మాస్టారూ?)

అడిగారూ. ఈ ప్రశ్న వస్తుందనే ఆయన పేరు ముందే చెప్పి పెట్టుకున్నాను. సోవియట్ దేశంలో అప్పుడూ ఇదే అన్నారు. ఆయన 1972 నుంచి 1985 దాకా జార్జియా కమ్యూనిస్టు పార్టీకి మొదటి కార్యదర్శి. 1985 జులైలో మాస్కో వెళ్ళి విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆ మరుసటి ఏడే ఆయన సొంత తాలూకా జట్టు పైకెక్కింది. స్టేడియానికి ఉన్న పేరు ఎవగ్రాపి షెవర్ద్‌నాద్జె. ఎవరీయన? మంత్రిగారి అన్నగారు. ఇంక జనం అనకుండా ఎలా ఉంటారు? మన ఊళ్ళో మంత్రిగారి బావమరిది ఇంటి ముందు సిమెంటు రోడ్డు పడితే మనం ఊరుకుంటామా?

కానీ నా అభిప్రాయం చెప్తాను. పెద్దాయన నీడ ఉంటే బల్లలు వేయించుకోవచ్చు, గడ్డి పెంచుకోవచ్చు. తొంభై నిమిషాలు బంతి వెనక పరిగెత్తేది మాత్రం ఆ పదకొండు మందే. నిరూపణ కావాలా? 1987 సీజను చివర పట్టిక చూడండి. పదహారు జట్లు. పదహారో స్థానం గురియా. పదిహేనో స్థానం సీఎస్‌కేఏ. రెండూ కిందికి దిగిపోయాయి. ఒకటి రక్షణ శాఖ జట్టు, ఇంకొకటి విదేశాంగ మంత్రి ఊరి జట్టు. చేతులు పట్టుకుని ఎక్కారు, చేతులు పట్టుకుని దిగారు. (నవ్వులు, చప్పట్లు) ఆ ఏడాది రక్షణ శాఖకి అసలు కలిసిరాలేదు లెండి. మే నెలలో జర్మనీ కుర్రాడొకడు చిన్న విమానం వేసుకొచ్చి తిన్నగా రెడ్ స్క్వేర్ పక్కన దించేశాడు, రక్షణ మంత్రి ఉద్యోగమే పోయింది. విదేశాంగ మంత్రికి మాత్రం డిసెంబర్లో అమెరికాతో క్షిపణుల ఒప్పందం కుదిరింది. అణు క్షిపణులు తగ్గించగలిగాడు గానీ, ఊరి జట్టుని లీగులో నిలబెట్టలేకపోయాడు.

మామూలుగా అయితే ఇలాంటి ఊరి కథ అక్కడితో సరి. ఒక్క ఏడాది వెలిగాం, తర్వాత ముసలాళ్ళు అరుగు మీద చెప్పుకుంటారు. గురియా వాళ్ళు అలా ఊరుకోలేదు. 1989లో ఫస్ట్ లీగ్‌లో మళ్ళీ రెండో స్థానం. మొదటి స్థానం ఎవరిదో చెప్పుకోండి. సీఎస్‌కేఏదే. ఆ ఇద్దరే మళ్ళీ టాప్ లీగ్‌కి ఎక్కారు. మంత్రి నీడ వల్ల ఒకసారి ఎక్కారనుకుందాం. దిగాక, దెబ్బతిన్నాక, రెండేళ్ళలో మళ్ళీ ఎక్కడం నీడతో అయ్యే పని కాదు. పిల్లల్ని ఆటలాడించిన అనుభవంతో చెప్తున్నా. ఓడి వచ్చిన జట్టుని మర్నాడు పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి రప్పించడమంత కష్టం ఇంకోటి లేదు.

సరే, 1990 సీజను రావాలి. స్పార్టక్ మళ్ళీ లాంచ్‌ఖుతికి రావాలి, కీవ్ రావాలి. రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే 1989 ఏప్రిల్ 9 దగ్గరికి వెళ్ళాలి. టిబిలిసిలో ప్రభుత్వ భవనం ముందు జనం స్వాతంత్ర్యం కోసం కూర్చున్నారు. తెల్లవారుజామున సోవియట్ సైన్యం వాళ్ళ మీద పడింది. సైనికులు చేతిలో చిన్న పారలు పట్టుకొచ్చారు, కందకం తవ్వుకునేవి. వాటితో కొట్టారు, విషవాయువు వదిలారు. ఇరవై మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. దాంతో జార్జియాకి, మాస్కోకి మధ్య తెగిపోయింది. ఇంక వాళ్ళ లీగులో మనం ఆడేదేమిటి అన్నారు. 1990 ఫిబ్రవరిలో జార్జియా సొంత ఫుట్‌బాల్ సమాఖ్య పెట్టుకుంది. తమ జట్లని సోవియట్ పోటీల్లోంచి లాగేసింది. దినామో టిబిలిసి వెళ్ళిపోయింది. దానితోపాటే, కొత్తగా టాప్ లీగ్ ఎక్కిన గురియా కూడా. తర్వాత లిథువేనియా జల్గిరిస్ కూడా బయటికొచ్చింది. ఆ ఏడాది సోవియట్ టాప్ లీగ్ పదమూడు జట్లతో కుంటుకుంటూ నడిచింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. దినామో టిబిలిసికి ఇది త్యాగమే, కాదనను. కానీ వాళ్ళ అలమారలో రెండు సోవియట్ ఛాంపియన్‌షిప్పులు ఉన్నాయి, 1964, 1978. యూరప్ కప్పు ఉంది. చూడాల్సినంత చూసేశారు. గురియా దగ్గర ఏముంది? చెమటోడ్చి రెండోసారి సంపాదించుకున్న ఒక టికెట్టు. దాన్ని చింపేసుకుని ఇంటికొచ్చారు. వాళ్ళని ఎవరైనా అడిగారా, సమాఖ్య చెప్పింది కాబట్టి చేశారా అంటే, పై నిర్ణయమే. కానీ జోర్దానియా పుట్టిన ఊరది. సొంత దేశం అన్న మాటకి అక్కడ బరువు వేరు.

అలా మొదలయింది జార్జియా సొంత లీగు. దినామో టిబిలిసి తన సోవియట్ పేరు వదిలేసి ఇబేరియా అని కొత్త పేరు పెట్టుకుంది. మొట్టమొదటి మ్యాచ్‌లోనే పోతి ఊరి కోల్ఖేతి చేతిలో ఓడిపోయింది. పోతి రేవు పట్నం. జార్జియాకి ఫుట్‌బాల్ దిగిందే అక్కడ, ఇంగ్లీషు ఓడల నావికుల వెంట, అని చెప్తారు. 1990లో ఇబేరియా ఛాంపియన్, గురియా రెండో స్థానం. 1991లో మళ్ళీ అంతే. 1990 జార్జియా కప్పు ఫైనల్లో సుఖుమి జట్టు త్స్ఖుమిని 1-0తో ఓడించి గురియా కప్పు ఎత్తింది. దేశం పెట్టుకున్న మొదటి కప్పు, చిన్న ఊరి చేతికి.

మామూలు రోజుల్లో అయితే జాతీయ కప్పు గెలిచినవాళ్ళకి యూరప్‌లో ఆడే అర్హత వస్తుంది. కప్ విన్నర్స్ కప్పు అని ఉండేదే, అదే. లాంచ్‌ఖుతికి ఇటలీ జట్టో స్పెయిన్ జట్టో రావలసిన రోజు అది. కానీ 1992 దాకా జార్జియాని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫీఫా గానీ, యూరప్ సమాఖ్య యూఈఎఫ్ఏ గానీ సభ్యదేశంగా చేర్చుకోలేదు. లేని దేశం కప్పుకి ఉన్న యూరప్ ఎక్కడిది? సోవియట్ టికెట్టు తామే చింపుకున్నారు. యూరప్ టికెట్టు ఇంకా అచ్చే కాలేదు. సరిగ్గా ఆ రెండేళ్ళ సందులో పడింది ఈ జట్టు మంచికాలం. ఆటలో దీన్ని దురదృష్టం అనం, టైమింగు అంటాం.

మరి ఆ పాత స్నేహితుడు సీఎస్‌కేఏ? గురియాతో కలిసి మెట్లెక్కిన సీఎస్‌కేఏ 1990లో సోవియట్ లీగులో రెండో స్థానం, 1991లో ఛాంపియన్. చిట్టచివరి సోవియట్ ఛాంపియన్ అదే. ఆ డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో ఆట తక్కువ. 1991 చివర టిబిలిసి నడివీధిలో తుపాకులు. 1992లో, విడిపోతామన్న అబ్ఖాజియా ప్రాంతంతో యుద్ధం. 1993 సెప్టెంబర్ 27న ఆ ప్రాంతపు రాజధాని సుఖుమి చేజారిపోయింది, ఆ కప్పు ఫైనల్లో గురియాతో ఆడిన జట్టుకి సొంత ఊరే లేకుండా పోయింది. కరెంటు లేదు, గ్యాసు లేదు. టీ తోటల సంగతి అడక్కండి. కొనేవాడు సోవియట్ యూనియన్, వాడు పోయాడు, తోటలకి తోటలు తుప్పలు మూసేశాయి. మామతి పల్లె పెద్దాయన 1992లో తిరిగొచ్చి దేశాన్ని పాలించాడు, 2003 నవంబర్లో జనం గులాబీలు పట్టుకుని పార్లమెంటులోకి వస్తే దిగిపోయాడు. 2014లో పోయాడు. ఆయన దేశాన్ని ఏలుతున్నన్నాళ్ళూ గురియా మళ్ళీ 1990 నాటి స్థాయికి రాలేదు. నీడ సిద్ధాంతం నమ్మేవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. (నవ్వులు) జట్టు కింది డివిజన్లకి జారింది. 2013లో మళ్ళీ దేశపు టాప్ డివిజన్‌లో కనబడింది, పోయింది, ఎక్కుతూ దిగుతూ ఉంది.

ఆఖరుగా ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను, టీ చల్లారిపోతోందని వెనక నుంచి సైగలు చేస్తున్నారు.

లాంచ్‌ఖుతి మండలంలో షుఖుతి అని ఊరుంది. ఎగువ షుఖుతి, దిగువ షుఖుతి. ప్రతి ఈస్టరు ఆదివారం సాయంత్రం ఆ రెండూ ఒక ఆట ఆడతాయి. లేలో బుర్తి. జార్జియన్‌లో బుర్తి అంటే బంతి. ఫుట్‌బాల్‌ని ఫెహ్‌బుర్తి అంటారు, కాలిబంతి. ఈ లేలో బంతి బరువు 16 కిలోలు. స్కూల్లో మీచేత మెడిసిన్ బాల్ విసిరించాను, గుర్తుందా? అది మూడు కిలోలు. దానికే మీరు గ్రౌండంతా పొర్లారు. ఇది అలాంటివి ఐదు. తోలు బంతి, లోపల మన్ను, ఇసుక, పైనుంచి ద్రాక్షసారాయి పోసి కుట్టేస్తారు. చర్చిలో ఫాదరు దీవించి పట్టుకొస్తాడు. తుపాకీ పేలుతుంది. బంతి గుంపు మధ్యలో పడుతుంది. ఇటు ఇన్నిమందని లేదు, అటు అన్నిమందని లేదు, టైమని లేదు. ఎగువాళ్ళు తమ వాగు వైపు లాగాలి, దిగువాళ్ళు తమ వాగు వైపు. బంతి కనబడదు. వందలమంది ఒకరి భుజాల మీద ఒకరు పడి, ఆ ముద్ద అంతా ఒక అడుగు ఇటు, రెండడుగులు అటు కదులుతుంది. అంతే ఆట.

మొన్న ఈస్టరుకి మా మనవరాలు స్నేహితులతో కలిసి చూడ్డానికి వెళ్ళింది. నా పోరు పడలేకే అనుకోండి. రాత్రి ఫోన్ చేసింది. గెలిచినవాళ్ళు బంతిని ఏం చేశారమ్మా అని అడిగాను, తెలిసే అడిగాను. ఆ ఊళ్ళో బంతిని ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళరు. ఈ మధ్య చనిపోయిన తమ మనిషి సమాధి దగ్గర పెట్టేస్తారు.

"అక్కడికి కూడా వెళ్ళాను తాతయ్యా. ఒక కుర్రాడి సమాధి. బంతి కుట్లు ఊడిపోయి మన్ను కారుతోంది. కొవ్వొత్తి వెలిగించారు," అంది. కాసేపాగి, "ఓడిన ఊరివాళ్ళు కూడా వచ్చారు. చొక్కాలు చిరిగిపోయున్నాయి. అలాగే నిలబడ్డారు," అంది.

ఉంటానండీ. నమస్కారం.